అద్దానికి అంటుకుపోయిన పాత ఫోటో, జరీ అతికించిన లక్ష్మీదేవి పటం, ఒక నీటిరంగుల బొమ్మ: లామినేషన్ చేయించవచ్చా?

లంక కోడలు:

అందరికీ నమస్కారం. మాది కోనసీమలో గోదావరి గట్టు పక్క ఊరు. మా అత్తవారి మండువా ఇల్లు విప్పేసి, అదే స్థలంలో కొత్త ఇల్లు కట్టుకుంటున్నాం. గోడల మీది పటాలన్నీ దించి మంచం మీద పరిచాను. చాలావరకు క్యాలెండర్ బొమ్మలే. మూడింటి గురించి మాత్రం టెన్షన్‌గా ఉంది.

ఒకటి మా మావయ్యగారి అమ్మానాన్నల ఫోటో. ఆయన కుర్చీలో కూర్చుని, ఆవిడ పక్కన నిలబడి స్టూడియోలో తీయించుకున్నది. నలుపు తెలుపు ఫోటోకి చేత్తో రంగులు దిద్దారు. ఆవిడ చీర అంచుకి ఎరుపు, బుగ్గలకి లేత గులాబి. 86 ఆగస్టు వరదలో ఇంట్లోకి నీళ్ళొచ్చినప్పుడు ఈ పటం కింది సగం తడిసిందట. ఆరాక ఫోటో అద్దానికి అంటుకుపోయింది. పక్క నుంచి చూస్తే ఇప్పటికీ తడిగా ఉన్నట్టు మెరిసే మచ్చలు కనిపిస్తాయి. వాళ్ళిద్దరిదీ ఉన్న ఫోటో ఇదొక్కటే.

రెండోది లక్ష్మీదేవి పటం. రవివర్మ బొమ్మ అంటారు మా అత్తయ్యగారు. అమ్మవారి చీర మీద నిజం జరీ, చమ్కీలు అతికించి ఉన్నాయి. వెనక చెక్క పలకలు, తుప్పు పట్టిన మేకులు. బొమ్మ మీద నిలువుగా గోధుమ రంగు చారలు పడ్డాయి.

మూడోది మావయ్యగారి బాబాయిగారు రాజమండ్రిలో చదువుకునే రోజుల్లో వేసిన నీటిరంగుల బొమ్మ. రేవు, రెండు పడవలు, అవతలి గట్టు. చుట్టూ పెట్టిన అట్ట లోపలి అంచు వెంట ముదురు గీత పడింది. ఆకాశమంతా తుప్పు రంగు చుక్కలు.

దగ్గరి టౌన్లో పటాలు కట్టే షాపుకి తీసుకెళ్తే, "ఫోటోని నీళ్ళలో నానబెట్టి ఊడదీస్తాం, మూడింటినీ ఎండీఎఫ్ మీద అతికించి లామినేషన్ చేసేస్తాం, ఇక జన్మలో చూసుకోనక్కర్లేదు" అన్నారు. మావారు సరే అన్నారు కానీ నాకు మనసొప్పలేదు, వెనక్కి తెచ్చేశాను. ఈ పని తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

భీమవరం బుల్లోడు:

లామినేషన్‌లో తప్పేముందండీ? మా నాన్నగారి ఫోటో అలాగే చేయించాం. అద్దం పగులుతుందన్న భయం లేదు, తడిగుడ్డతో తుడుచుకోవచ్చు, పురుగు దూరదు. మన చెమ్మకి అదే నయం అనిపించింది. ఆ చారలూ చుక్కలూ అంటారా, ఈ రోజుల్లో కంప్యూటర్లో తీసేస్తున్నారు కదా.

రాజమండ్రి ఫ్రేములు:

అమ్మా, వెనక్కి తెచ్చేయడం చాలా మంచి పనయింది. మాది రాజమండ్రిలో పటాలు కట్టే షాపు. నాన్నగారి దగ్గర ఈ పని నేర్చుకున్నాను. తర్వాత కాగితం బొమ్మల్ని కాపాడే పద్ధతులు విడిగా నేర్చుకున్నాను. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు భీమవరం తమ్ముడికి. కాపీకి లామినేషన్ చేయించుకుంటే ఏ ఇబ్బందీ లేదు. స్టూడియోవాళ్ళు కొత్తగా ప్రింటు వేసి ఇచ్చింది పాడైతే ఇంకోటి వేయించుకుంటారు. కానీ ఇక్కడ మేడమ్ గారి దగ్గర ఉన్నవి మూడూ అసలువి. అసలు ఫోటోని ఎండీఎఫ్ మీద జిగురుతో అతికించి, పైన ప్లాస్టిక్ పొర వేసి నొక్కారంటే మళ్ళీ విడదీయడం ఎవరి వల్లా కాదు. ఎండీఎఫ్ అంటే చెక్కపొట్టు, రెజిన్ కలిపి నొక్కిన పలక. దాంట్లోంచి ఏళ్ళ తరబడి ఆమ్ల ఆవిర్లు వస్తూ ఉంటాయి. పైగా చెమ్మ తగిలితే అంచులు ఉబ్బుతాయి. అది ఉబ్బితే దాన్ని అంటుకున్న ఫోటో కూడా దానితోపాటే కదులుతుంది. నేను ఏ అసలు బొమ్మకైనా ఒక్కటే చూసుకుంటాను: రేపు ఇంకొకరు ఈ పటం విప్పితే, నేను చేసినదంతా బొమ్మకి దెబ్బ తగలకుండా తీసేయగలగాలి. అలా తీయడానికి వీల్లేని పని ఎంత అందంగా ఉన్నా చేయను.

ఇక ఫోటో సంగతి. ఆ రోజుల్లో ఫోటో కాగితం మీద జెలటిన్ పొర ఉండేది. బొమ్మని తయారుచేసే వెండి రేణువులు ఆ పొరలోనే ఉంటాయి. జెలటిన్ నీళ్ళు పీల్చుకుంటే ఉబ్బి జిగటగా అవుతుంది. అద్దానికి ఆనుకుని ఉంటే అలాగే ఆరి దానికి పట్టేస్తుంది. మీకు తడిగా కనిపించే మెరుపు మచ్చలు సరిగ్గా పొర అద్దాన్ని పట్టుకున్న చోట్లు. అక్కడ బలవంతంగా లాగితే కాగితం మీ చేతికొస్తుంది, మొహాలు అద్దం మీద ఉండిపోతాయి. నానబెడితే ఊడుతుందన్న మాటలో కొంత నిజం ఉంది. కొన్ని మామూలు నలుపు తెలుపు ఫోటోల్ని అనుభవం ఉన్న కన్జర్వేటర్లు, అంటే పాత బొమ్మల్ని కాపాడే నిపుణులు, నీటితో విడదీస్తారు. కానీ మీ ఫోటోకి పైన చేత్తో రంగులు దిద్దారు. ఆ రంగులు నీళ్ళలో కరిగిపోయే రకం కావచ్చు. మామ్మగారి చీర అంచు ఎరుపు నీళ్ళలోకి దిగిపోతే దాన్ని మళ్ళీ తెచ్చేవాళ్ళు లేరు. పైగా ఒకసారి వరద నీటిలో నానిన జెలటిన్ పొర బలహీనంగా ఉంటుంది, బూజు తిని ఉంటే మరీను. కాబట్టి నానబెట్టొద్దు, కత్తి పెట్టొద్దు, హెయిర్ డ్రైయర్ పెట్టొద్దు, ఫ్రిజ్‌లో పెట్టొద్దు. అద్దం ఇప్పుడు ఆ ఫోటోలో ఒక భాగం అనుకోండి. అద్దంతో సహా దాచాలి. చేయాల్సింది ఫోటో వెనక ఉన్న చెత్తని మార్చడం, అద్దంతో కలిపి కొత్త ఫ్రేములో కూర్చోబెట్టడం. అద్దం కింద, ఫోటో పైన ఉండేలా పడుకోబెట్టి ఉంచండి. నిలబెడితే అంటుకోని భాగం బరువుకి వేలాడి, అంటుకున్న చోట చిరుగుతుంది.

ఎవరైనా విడదీసి చూపిస్తానంటే ముందు ఇలా రంగులు దిద్దిన ఫోటోల మీద చేసిన పని చూపించమనండి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో కన్జర్వేషన్ ల్యాబ్ ఉంది, వారసత్వ సంపదని కాపాడే ఇన్‌టాక్ సంస్థకి ఆర్ట్ కన్జర్వేషన్ కేంద్రాలు ఉన్నాయి. విడదీయాలన్న ఆలోచనే ఉంటే అలాంటిచోట అడగండి, పటాల షాపులో కాదు. మా షాపులో కూడా కాదు.

నీటిరంగుల బొమ్మ గురించి చెబుతాను, నాకు ఎక్కువ ఇష్టమైన పని అదే. రాజమండ్రిలో దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీ ఉంది కదా, చిన్నప్పుడు నాన్నగారు తీసుకెళ్ళి చూపించారు. ఆయన 1925లో, ముప్ఫై కూడా నిండకుండానే పోయారు. ఆ బొమ్మల ముందు నిలబడితే, ఒక పల్చటి కాగితం మనిషి కన్నా ఎంత ఎక్కువ కాలం బతకగలదో తెలుస్తుంది. మీ బాబాయిగారి బొమ్మ కూడా బతుకుతుంది. దానికి జరిగిన నష్టమంతా చుట్టూ ఉన్న చవక సరుకు వల్లే.

అంచు వెంట గీత ఎందుకు పడిందంటే, మామూలు మౌంటు అట్ట పైపొర తెల్లగా ఉన్నా లోపల చెక్కగుజ్జే. అందులో లిగ్నిన్ అని చెక్కలో సహజంగా ఉండే పదార్థం ఉంటుంది. అది పాతబడే కొద్దీ ఆమ్లం అవుతుంది. కిటికీలా కోసిన అట్టలో ఆ లోపలి గుజ్జు బయటపడేది ఏటవాలుగా కోసిన అంచు దగ్గరే. అక్కడి నుంచే ఆమ్లం బొమ్మ మీదికి దిగి కాగితాన్ని కాలుస్తుంది. దినపత్రిక ఎండలో పెడితే పచ్చబడేది కూడా దీనివల్లే. ఇప్పుడు దూదిగుజ్జుతో చేసిన మౌంట్ బోర్డులు దొరుకుతున్నాయి. వాటిలో కాల్షియం కార్బొనేట్ కలుపుతారు, అంటే సున్నపురాయి జాతి పదార్థం. బయటి నుంచి వచ్చే ఆమ్లాన్ని అది మింగేస్తుంది. ముందు అట్ట, వెనక అట్ట రెండూ అదే రకం వేయించాలి. ముందుది మంచిది వేసి వెనక హార్డ్‌బోర్డ్ పెడితే డబ్బు వృథా. నా అనుభవంలో బొమ్మలు పాడయ్యేది ఎక్కువగా వెనక నుంచే. కస్టమరు చూసేది ముందు భాగం కాబట్టి కట్టేవాళ్ళు పొదుపంతా వెనక చేస్తారు.

బొమ్మని ఆ అట్టకి అతికించే తీరు ఇంకా ముఖ్యం. మన షాపుల్లో నాలుగు మూలలా తెల్ల జిగురో, బ్రౌన్ టేపో వేస్తారు. కాగితం వానాకాలంలో సాగుతుంది, వేసవిలో ముడుచుకుంటుంది. నాలుగు వైపులా కట్టేస్తే సాగడానికి చోటులేక మధ్యలో అలలు అలలుగా లేస్తుంది. అందుకని పైఅంచుకి రెండే రెండు చిన్న కాగితపు పట్టీలు వేసి బొమ్మని వేలాడదీస్తాం. పట్టీ జపాన్ కోజో నార కాగితం. జిగురు గోధుమ పిండిలోంచి జిగట కడిగేసి తీసిన స్టార్చ్. దాన్ని సన్నసెగ మీద ఉడికించి, చల్లారాక జల్లెడలో రుద్ది వాడతాం. మామూలు మైదా జిగురు వద్దు, అది పురుగులకి విందుభోజనం. పురుగు పట్టకుండా కొందరు మైలుతుత్తం కలుపుతారు, అందులోని రాగి కాగితాన్ని పెళుసు చేస్తుంది. పట్టీ బొమ్మ కాగితం కన్నా బలహీనంగా ఉండాలి. పటం కింద పడితే ముందు పట్టీ చిరగాలి, బొమ్మ చిరగకూడదు. స్టార్చ్ జిగురు కాస్త తడి తగిలిస్తే వదిలేస్తుంది. ఇందాక విప్పగలగాలి అన్నది దీని గురించే.

ఆ చుక్కలు బూజు వల్లో, కాగితంలో ఉన్న ఇనుప రేణువుల వల్లో వస్తాయి. వాటిని ఇంట్లో బ్లీచింగుతోనో నిమ్మరసంతోనో తీయాలని చూడకండి. చుక్కతోపాటు ఆకాశం నీలం కూడా పోతుంది. చుక్కలు ఉన్నా బొమ్మ బొమ్మే. పెరగకుండా ఆపితే చాలు.

లంక కోడలు:

చాలా థాంక్సండీ. మావారికి చదివి వినిపించాను, లామినేషన్ మాట మానేశారు. ఇంకొన్ని అడగాలి. లక్ష్మీదేవి పటం వెనక కాగితం చిరిగిన చోట పాత ఆంధ్రపత్రిక ముక్క కనిపిస్తోంది, అది తీసేయాలా? ఆ చారలు పోతాయా? జరీ నల్లబడింది, వెండి తోమే పొడితో కాస్త తుడవచ్చా? ఇంకో సంగతి, మా అత్తయ్యగారు తద్దినాల నాడు ఫోటోకి బొట్టు పెట్టి దండ వేయకుండా ఊరుకోరు. అద్దంతో సహా దాచేస్తే ఆవిడ ఒప్పుకోవడం కష్టం.

కాకినాడ స్టూడియో:

దండ సంగతికి నా దగ్గర దారుంది మేడమ్. అద్దం తీయకుండానే మంచి కాపీ తీయించండి. ఫోటో అద్దానికి పట్టేసిన చోట మధ్యలో గాలి లేదు కాబట్టి అక్కడ ఇంకా స్పష్టంగా వస్తుంది.

స్కానర్ అయితే ఏ రకమో అడగండి. ఇప్పుడు దొరికే పల్చటి, చవక స్కానర్లు చాలావరకు సీఐఎస్ రకం. వాటికి పలకని ఆనుకున్నదే స్పష్టంగా కనిపిస్తుంది. మధ్యలో అద్దం మందం వచ్చేసరికి మసకబారుతుంది. కాస్త లావుగా ఉండే పాత తరహా సీసీడీ స్కానర్‌కి ఆ ఇబ్బంది తక్కువ. కనీసం 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల వివరంతో తీసి, టిఫ్ ఫైల్‌గా దాచమనండి. వాట్సాప్‌లో పంపించుకుంటే వివరాలు పోతాయి, పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి.

స్కానర్ కన్నా కెమెరాతో తీయడమే నాకిష్టం, ఎందుకంటే ఫోటో మీద బరువు పెట్టనక్కర్లేదు. రెండు పక్కల నుంచి 45 డిగ్రీల కోణంలో లైట్లు, కెమెరా చుట్టూ నల్లగుడ్డ. అద్దంలో మన నీడ పడదు. తర్వాత రంగుల దగ్గర జాగ్రత్త చెప్పండి. రిపేరు చేసేవాళ్ళు కంప్యూటర్లో బుగ్గలు నున్నగా చేసి, కొత్త మొహం పెట్టేస్తున్నారు. మచ్చలు తీయండి, మొహాలు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి. సాఫ్ చేయని ఫైల్ కూడా విడిగా ఉంచుకోండి. ప్రింటు పిగ్మెంట్ ఇంకుతో, కాటన్ కాగితం మీద వేయిస్తే చాలా ఏళ్ళు రంగు దిగదు. బొట్టూ దండా దానికి.

రాజమండ్రి ఫ్రేములు:

కాకినాడ అన్నగారు చెప్పింది అక్షరాలా పాటించండి అమ్మా. నేను కూడా అదే చెబుదామనుకున్నాను. పూలదండ వల్ల పాడైన పటాలు మా దగ్గరికి చాలా వస్తాయి. తడి పూల నుంచి నీళ్ళు అద్దం మీదుగా జారి, కింద అద్దం కూర్చునే గాడిలో నిలుస్తాయి. అక్కడి నుంచి కాగితం పైకి పీల్చుకుంటుంది. అందుకే పెద్దవాళ్ళ ఫోటోలు ఎప్పుడూ కింది అంచు నుంచి మొదలవుతాయి పాడవడం. కాపీ పటానికి కూడా దండ గోడకి కొట్టిన మేకుకి తగిలించండి, ఫ్రేముకి కాదు. దీపం పటానికి సరిగ్గా కింద కాకుండా కాస్త పక్కగా పెట్టండి, మసి పట్టదు. అత్తయ్యగారికి అసలు ఫోటో పెట్టెలో భద్రంగా ఉందని చూపించండి, ఆవిడ కాదనరు.

లక్ష్మీదేవి పటం. రవివర్మ ప్రెస్ 1894లో బొంబాయిలో మొదలైంది, తర్వాత లోనావాలా దగ్గరికి మారింది. ఆ బొమ్మలు రంగు రంగుకీ విడి రాయితో అచ్చువేసి, పైన వార్నిష్ పూసినవి. చీరకి జరీ, చమ్కీలు అతికించడం ఇంట్లో ఆడవాళ్ళో, షాపువాళ్ళో తర్వాత చేసిన పని. అదీ ఆ పటం చరిత్రే, తీయకూడదు. బొమ్మ కింది అంచులో ప్రెస్ పేరు అచ్చువేసి ఉంటుంది. చాలామంది ఫ్రేము కొలతకి సరిపోవాలని ఆ అంచు కోసేస్తారు. మీదానికి ఉంటే కోయనివ్వకండి, బొమ్మ కొలతకి ఫ్రేము చేయించుకోవాలి.

నిలువు చారలు వెనక పలకల మధ్య సందులు. గాలి, దుమ్ము, చెమ్మ ఆ సందుల్లోంచి వెళ్ళిన చోట చార పడుతుంది. పలకలో ముడి ఉంటే ముడి ఆకారం కూడా బొమ్మ మీదికి దిగుతుంది. పూర్తిగా పోవు. పలకలు తీసేస్తే ముదరడం ఆగుతుంది. జరీకి పొడి, చింతపండు, నిమ్మకాయ ఏదీ వద్దు. పైన బంగారు పూత ఉంటే అది చాలా పల్చగా ఉంటుంది, తోమితే పోతుంది. కింద అతికించిన పాత జిగురు తడికి వదిలేసి చమ్కీలు రాలతాయి. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపడం వరకే, అదీ కట్టేవాళ్ళు చేస్తారు. దీనికి లోతైన పెట్టె ఫ్రేము కావాలి, జరీ అద్దానికి తగలకుండా. ఆక్రిలిక్ షీటు వద్దు, తుడిచినప్పుడు దానికి పుట్టే విద్యుత్తు ఊడిన చమ్కీల్ని పైకి లాగుతుంది. గాజే పెట్టించండి. నీటిరంగుల బొమ్మకి యూవీ (అతినీలలోహిత కిరణాలు) ఆపే ఆక్రిలిక్ బాగుంటుంది, తేలిక, పగలదు. ఏది పెట్టినా అద్దానికీ బొమ్మకీ మధ్య కనీసం 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఆ కాస్త ఖాళీ 86లో ఉండి ఉంటే మీ ఫోటో అద్దానికి పట్టేది కాదు.

యూవీ ఆపే అద్దం ఉంది కదా అని కిటికీ ఎదురుగా పెట్టకండి. మామూలు వెలుతురు కూడా రంగు తింటుంది, కాకపోతే నిదానంగా. వెలుతురుని లక్స్‌లో కొలుస్తారు, మ్యూజియాల్లో నీటిరంగులకి 50 లక్స్ మించనివ్వరు. మన వరండాలో పగలు వేలల్లో ఉంటుంది. వరండా కాదు, హాలు లోపలి గోడ ఎంచుకోండి.

ఆంధ్రపత్రిక ముక్క బొమ్మ వెనక నుంచి తీయాల్సిందే, పత్రిక కాగితం ఆమ్లం. కానీ పారేయకండి. దాని మీద తేదీ ఉంటే పటం ఆ రోజు తర్వాతే కట్టారని తెలుస్తుంది. విడిగా ఒక కవర్లో పెట్టి, ఏ పటం వెనకదో రాసి దాచండి.

లంక కోడలు:

మరి ఇల్లు పూర్తయ్యేదాకా వీటిని ఎక్కడ పెట్టమంటారు? గృహప్రవేశానికి కొత్త గోడ మీద పెట్టేద్దామని మావారు అంటున్నారు. ఇప్పుడే మీ దగ్గరికి తెచ్చేయమంటారా?

రాజమండ్రి ఫ్రేములు:

కొత్త గోడ మీద అప్పుడే వద్దమ్మా. సిమెంటు గోడలో నీళ్ళు నెలల తరబడి బయటికి వస్తూనే ఉంటాయి. గృహప్రవేశానికి కాపీలు పెట్టుకోండి, అసలువి ఒక వానాకాలం, ఒక వేసవి గడిచాక పెట్టండి. పెట్టినప్పుడు కూడా వాన కొట్టే బయటి గోడ కాకుండా లోపలి గోడ చూసుకోండి. ఫ్రేము కింది మూలల్లో వెనక చిన్న కార్కు బిళ్ళలు అతికిస్తే గోడకీ పటానికీ మధ్య గాలి ఆడుతుంది. బూజు పుట్టడానికి గాలిలో తేమ 65, 70 శాతం దాటితే చాలు. వానాకాలంలో మన దగ్గర అంతకన్నా ఎక్కువే ఉంటుంది. పటం వెనక గాలి ఆడకపోతే మొదట అక్కడే పుడుతుంది.

ఇప్పటికి తెలిసినవాళ్ళ మేడ మీద గదిలో, మంచం మీదో బల్ల మీదో పడుకోబెట్టి, పైన శుభ్రమైన పాత నూలు దుప్పటి కప్పండి. అటక మీద వద్దు, వేడి. నేల మీద వద్దు, మీది లంక ఊరు. ప్లాస్టిక్ కవర్లో చుట్టి మూత బిగించొద్దు, లోపల చెమ్మ బయటికి పోదు. బూజు కనిపించినా ఎండలో పెట్టొద్దు, నీడలో గాలి తగలనివ్వండి. నాఫ్తలిన్ ఉండలు పటంలో పెట్టొద్దు.

నా దగ్గరికి సంక్రాంతి దాటాక, ఉగాది లోపు తీసుకురండి. ముసురు పట్టిన రోజుల్లో నేను అసలు బొమ్మల్ని మూసి కట్టను, లోపల ఉన్న చెమ్మ లోపలే ఉండిపోతుంది. పొడి రోజుల్లో బొమ్మనీ అట్టల్నీ ఏసీ గదిలో కొన్నాళ్ళు ఉంచి, ఆరాక కూర్చి, అంచులు టేపుతో మూస్తాను. మామూలు ఫ్రేము కన్నా ఖర్చు బాగా ఎక్కువవుతుంది, ముందే చెబుతున్నాను. మూడూ ఒకేసారి కుదరకపోతే నీటిరంగుల బొమ్మతో మొదలుపెడదాం. అందులో రోజూ నష్టం జరుగుతోంది, మిగతా రెండూ ఆగుతాయి.

కారులో తెచ్చేటప్పుడు ఫోటో పటాన్ని అద్దం కిందికి ఉండేలా ఒళ్ళో పెట్టుకోండి, డిక్కీలో వద్దు. వెనక మేకులు మీరు పీకకండి, నేను చూస్తాను. దారిలో జరీ ముక్కో చమ్కీయో ఏది రాలినా ఏరి ఒక కాగితంలో మడిచి తీసుకురండి.